చూలాలి కన్ను

సూర్యుడు ఇంకా సముద్రంలోంచి పూర్తిగా పైకి రాలేదు. గవ్వలదీవి నడుమ పరుచుకున్న గడ్డిమైదానం మీద మంచు, పచ్చల పళ్లెంలో పోసిన ముత్యాల్లా మెరుస్తోంది. ఉప్పుగాలికి వంగిపోయి పెరిగిన మొగలిపొదలు అంచులకు బంగారు రేకు తొడుక్కున్నట్టున్నాయి. వాటన్నిటినీ చుట్టి, ఉత్తరపు గుట్టల నుంచి దక్షిణపు ఇసుకమేటల దాకా, నిలువెత్తు వెదురు గుంజలకు కట్టిన వల ఒకటి నిలబడి ఉంది. దాని ప్రతి కన్నులోనూ ఒక మంచుబొట్టు, ప్రతి బొట్టులోనూ ఒక బుల్లి సూర్యుడు. దేవకన్యలు నేసిన తెర అని ఎవరైనా పొరపాటు పడవచ్చు.

పడకండి. ఉరితాడు కూడా కొత్తదైతే నున్నగా, అందంగానే ఉంటుంది.

ఆ వల లోపల, ఒక మొగలిపొద కింద, నల్లేరు పక్కకు తిరిగి ముడుచుకుని పడుకుంది. ఒంటిమీద రత్నగండి సైనికుడి తోలుచొక్కా, నెత్తిన ఇనపటోపీ, పైపెదవికి జిగురుతో అంటించిన మేకవెంట్రుకల మీసం. రొమ్ముకు కట్టుకున్న గోనెసంచిలో ఒక కుందేలు తన్నుకుంటోంది. ఎడమ డొక్కలో అది తన్నిన చోటే తన్ని తన్ని కమిలిపోయింది.

"తన్నకే తల్లీ," అని గొణిగింది నల్లేరు. "నిన్ను కాపాడ్డానికే కదే మూటగట్టింది."

కుందేలు మరోసారి తన్నింది.

గవ్వలదీవి కుందేలు ప్రపంచంలో మరెక్కడా లేదు. తేనెరంగు ఒళ్లు, మూరెడు చెవులు, చెవికొసలకు కాటుక అద్దినట్టు నలుపు. ఊరి పిల్లలు పెంచుకునే చెవులపిల్లి లాగా బొరియ తవ్వదు. గడ్డిలో ఒంటి పొడవున గుంట చేసుకుని అదే పడక అనుకుంటుంది. ఎంత దూరం తరిమినా గుండ్రంగా తిరిగి ఆ పడకకే వస్తుంది. ఒకప్పుడు సాయంకాలం మైదానంలోకి వెళితే గడ్డికంటే చెవులే ఎక్కువ కనిపించేవి. ఇప్పుడు మిగిలింది సంచిలో ఉన్న ఈ ఒక్కటే. అది నిండు చూలాలు. దాని పడక, ఇప్పుడు వలకు అవతలున్న పచ్చదిబ్బ మీద ఉండేది. సరిగ్గా అక్కడే రాజు డేరా వేయించాడు. పాపం అది నిలవనీడ లేక పొదల వెంట తిరుగుతుంటే నల్లేరు చేతికి చిక్కింది.

ఇంతకీ ఈ ఘోరమంతా దేనికి? ఒక ముసలాడి చావుభయానికి.

రత్నగండి మహారాజు ప్రచండసేనుడికి ఎన్నేళ్లు గద్దెమీద కూర్చున్నా తనివి తీరలేదు. అతని కొలువులో భస్మకర్ణుడనే మాంత్రికుడు చేరాడు. బూడిదరంగు చెవులు భుజాల మీదికి వేలాడేసుకుని తిరిగే ఆ పెద్దమనిషి రాజుతో అన్నాడు: "ప్రభూ, గవ్వలదీవి కుందేళ్ల చెవికొసలన్నీ కలిపి కంబళి కుట్టించుకుని కప్పుకుంటే మీరు యముడి కళ్లకు కనబడరు. కాకపోతే ఆ జాతిలో ఒక్క ప్రాణి మిగిలి ఉన్నా కంబళి పనిచెయ్యదు." రాజు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రత్నగండి జనం ఇన్నాళ్లూ ఒకే ఒక్క ఆశతో బతుకుతున్నారు. ఎంత దుర్మార్గపు రాజైనా ఏదో ఒకనాటికి చస్తాడని. ఆ ఆశను వేళ్లతో సహా పెరికెయ్యడానికి ప్రచండసేనుడు పడవలెక్కి గవ్వలదీవికి వచ్చాడు.

భస్మకర్ణుడి దగ్గర ఒక డప్పు ఉంది. ఈ కుందేటి తోలుతోనే బిగించింది. దాన్ని ఎవరూ వాయించనక్కర్లేదు. భూమ్మీద ఊపిరి పీలుస్తున్న ఈ జాతి గుండెలు ఎన్ని ఉంటే అన్ని దెబ్బలు దానంతటదే మోగుతుంది. రాజు దిగిన నాడు అది జాతర డప్పులా హోరెత్తింది. నేడు ఒకే ఒక్క గుండె దెబ్బ, మైదానం మీదుగా, డుబ్బు డుబ్బు మంటూ వినిపిస్తోంది. సంచిలోని గుండె కూడా నల్లేరు రొమ్ముమీద అదే వరసలో కొట్టుకుంటోంది.

నల్లేరును దహించేస్తున్నది మాత్రం రాజూ కాదు, మాంత్రికుడూ కాదు. ఆ వల అల్లింది ఆమె సొంత మనుషులు. గవ్వలదీవిలో వలలల్లే ఆడవాళ్లందరినీ భస్మకర్ణుడు కొరడాలు చూపించి కూర్చోబెట్టాడు. "అల్లకండి. చేతులు కట్టుకుని కూర్చోండి. మనల్ని చంపితే వల ఎవడల్లుతాడో చూద్దాం," అని నల్లేరు గొంతు చించుకుంది. అందరికంటే ముందు జనపనార అందుకుని కూర్చున్నది, తల్లి చచ్చిన నల్లేరును పెంచిన పోలి పెద్దమ్మే.

"నీ సేతులు పడిపోను," అంది నల్లేరు ఆమెతో, నలుగురిలో.

పోలి తలెత్తలేదు. నోట్లో ఏదో నములుతూ, "పడిపోయే ముందు పనైనా సేసుకోనీయే," అంది.

అది వాళ్లిద్దరి ఆఖరి మాట. నల్లేరు ఆ పూటే రేవులో ఆరేసిన సైనికుడి బట్టలు ఎత్తుకెళ్లి, కుందేళ్లను అదిలించే దండులో కలిసిపోయింది. దండు కంటే ముందు ఈ చివరి కుందేలును పట్టింది. బయటపడేలోగా వల మూసుకుపోయింది.

గుర్రపు డెక్కల చప్పుడైంది. నల్లేరు లేచి నిలబడేసరికి ఎదురుగా తెల్లగుర్రం మీద యువరాజు మకరందసేనుడు. జరీ తలపాగా, ముఖమల్ అంగీ, చేతిలో వెండిపిడి ఈటె. చివరి కుందేలును తన చేత్తో పట్టి తండ్రి పాదాల దగ్గర పెట్టి మెప్పు పొందాలని తెల్లారకముందే ఒంటరిగా వల లోపలికి వచ్చాడు.

"ఓరీ భటుడా, ఆ సంచియందున్నదేమి?"

"నా బట్టలు దొరా."

"నీ బట్టలు తన్నుకొనుచున్నవేమి?"

"ఉతికి సానాళ్లయింది దొరా. పేలు పట్టాయి."

యువరాజు ఈటెకొనతో సంచి తాడు తెంపబోయాడు. నల్లేరు పక్కకు దూకింది. ఈటె సంచిని తప్పి టోపీకి తగిలింది. టోపీ ఎగిరిపోయింది, జుట్టు విడిపోయింది, చెమటకు వదులైన మీసం సగం ఊడి గడ్డం మీదికి జారింది.

"నీవు ఆడుదానివా?"

"నువ్వు మగోడివి. ఒకరి సంగతొకరికి తెలిసింది కదా, ఇంక దారియ్యి."

అతను గుర్రాన్ని మీదికి దూకించాడు. నల్లేరు గుప్పెడు ఇసుక గుర్రం కళ్లల్లో కొట్టి, రికాబులో ఉన్న యువరాజు కాలు రెండు చేతులా పట్టి ఎత్తి పారేసింది. రత్నగండి సింహాసనానికి వారసుడు పల్లేరుకాయల మీద వెల్లకిలా పడ్డాడు. ఈటె ఎక్కడో పడింది. అతను కత్తి దూసి లేచేలోగా నల్లేరు చేతిలోకి రాయి వచ్చింది.

అప్పుడే శంఖం మోగింది.

నాలుగు దిక్కులా ఏనుగులు ఘీంకరించాయి. వల చుట్టూ తిప్పిన మోకులు బిగిశాయి. గుంజలు నేలను దున్నుకుంటూ లోపలికి జరిగాయి. అంత పెద్ద మైదానమూ ఎవరో గుప్పిట బిగిస్తున్నట్టు చిన్నదవడం మొదలైంది.

"ఆపుడు," అని యువరాజు వల వైపు పరిగెత్తాడు. "లోపల నేనున్నాను. మకరందసేనుడను."

వల అవతల ఎత్తయిన మంచె మీద భస్మకర్ణుడు నిలబడ్డాడు. అతని చెవులు గాలికి ఊగుతున్నాయి.

"చూశాను యువరాజా."

"అయితే ద్వారము తెరిపింపుము."

"వల మూశాక తెరవమని మహారాజు ఆజ్ఞ లేదు."

"నేను ఆయన కుమారుడను."

"అందుకే లేదు," అన్నాడు మాంత్రికుడు, ఎంతో మర్యాదగా. "చావులేని రాజుకు వారసుడితో పనేముంది? మీరు కత్తి నూరుకునే వయసుకు వచ్చారు. ఆయన కలకాలం బతకాలనుకుంటున్నారు. రెండూ ఒక ఇంట్లో ఇమడవు."

కళ్లల్లో ఇసుకపడ్డ గుర్రం దిక్కు తెలియక పరిగెత్తి వలకు గుద్దుకుంది. గుద్దుకున్న చోటే ఆగిపోయింది. ఎత్తిన కాళ్లు ఎత్తినట్టే, ఎగిరిన జూలు ఎగిరినట్టే కొయ్యబారిపోయింది. కళ్లు ఒక్కటే అటూ ఇటూ గిరగిరా తిరుగుతున్నాయి. భస్మకర్ణుడు వలకు పెట్టిన మంత్రం అదే. లోపలినుంచి తాకితే తాకినచోటే కొయ్య.

"ఇప్పుడు తెలిసిందా," అంది నల్లేరు రాయి పారేసి. "నీకూ కుందేలుకీ తేడా లేదు. నీకు సెవులు సిన్నవి, అంతే."

మంచె మీది నుంచి భస్మకర్ణుడు గుప్పెడు గులకరాళ్లు తీసి, మీద ఊది, వల లోపలికి విసిరాడు. పడిన ప్రతి గులకరాయీ ఒక జాగిలమై లేచింది. నల్లని రాతి ఒళ్లు, ఎర్రని నాలుకలు. నేలను వాసన చూడలేదు. సూటిగా సంచి వైపే తిరిగాయి.

ఇద్దరూ పరిగెత్తారు. వెనక రాతి పంజాలు నేలను కొడుతుంటే వడగళ్లు పడుతున్నట్టుంది. ఒక జాగిలం ఎగిరి యువరాజు అంగీ అంచు పట్టింది. అంగీ చిరిగింది, అతను చిరగలేదు. ఇంకొకటి నల్లేరు పిక్క అందుకోబోయింది. ఆమె మొగలిపొద మీదినుంచి దూకితే అది పొదలో ముళ్లకు చిక్కుకుంది. మైదానం నడుమ రెండు పెద్ద బండలు ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉన్నాయి. వాటి మధ్య మనిషి పక్కకు తిరిగితే పట్టేంత సందు. నల్లేరు అందులోకి దూరింది. యువరాజు ఆమె వెనకే దూరి, పొట్ట లోపలికి పీల్చి, ఇరుక్కున్నాడు. జాగిలాల మూతులు సందు దగ్గర గుమిగూడాయి. గోళ్లతో బండను గీకుతుంటే నిప్పురవ్వలు లేస్తున్నాయి.

పైన ఆకాశం బెత్తెడు. వెనక రాయి, ముందు కోరలు. దూరంగా శంఖం, దగ్గరవుతున్న గుంజల చప్పుడు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు యువరాజు.

"భయమేస్తే నీ బాస బాగుపడతాది."

"వేళాకోళం కాదు. వల తెగుతుందా?"

"తెంపితే ఒక పోగు రెండు పోగులవుద్ది. కత్తి ఇసిరి సూశాను. పైనించి దూకలేం, కిందనించి తవ్వలేం, సీసపు గుండ్లు పాతారు. మా వోళ్లు అల్లిన వలలో మేమే సస్తాం. ఇంతకంటే సిగ్గుండదు." నల్లేరు బండను పిడికిలితో గుద్దింది. "పోలి పెద్దమ్మ సేతుల్లో పెరిగాను. ఆ సేతులతోనే కట్టింది."

"పోలి అంటే పళ్లు లేని ముసలావిడేనా? తెల్లజుట్టు, చెవులకు గవ్వలు?"

"నీకెలా తెలుసు?"

"వల అల్లకం మొదలైన రోజు చూడ్డానికి వెళ్లాను. ఛీ, అసహ్యమేసింది. ఏదో ఆకు నమిలి, ఆ ఎంగిలి రసాన్ని మొదటి ముడికి నోటితోనే పూసింది. తలలోంచి వెంట్రుక పీకి అందులో కలిపింది. భస్మకర్ణుడి శిష్యులు మడి మడి అని గోలపెడుతూ అంత దూరాన నిలబడ్డారు గాని దగ్గరికెళ్లి చూడలేదు. కన్నులన్నీ సమానంగా ఉన్నాయా లేదా అని గడికర్రతో కొలిచి ఊరుకున్నారు."

నల్లేరు ఒళ్లంతా ఒక్కసారి నిశ్చలమైంది.

"ఏ ఆకు?"

"నాకేం తెలుసు. పుల్లని వాసన వచ్చింది."

పులిచింతాకు.

గవ్వలదీవిలో ఏ వలకైనా మొదటి కన్ను వేటకు కాదు. అది చూలాలి కన్ను. కడుపుతో ఉన్న కుందేలు వలలో పడితే పాపమని ఆ ఒక్క కన్ను జారుముడితో వేస్తారు. చూడ్డానికి మిగతా కన్నుల్లాగే ఉంటుంది. బయటినుంచి లాగితే బిగుస్తుంది, లోపలినుంచి తలపెట్టి నెడితే విచ్చుకుంటుంది. చూలాలికి పులుపు మీద మనసు కదా, అందుకని పులిచింతాకు నమిలి ఆ ముడికి పూస్తారు. వాసన పట్టుకుని వచ్చి దాని దారిన అది పోతుంది. తాతముత్తాతల నాటి అలవాటు. ఎవరూ చెప్పుకోరు, ఎవరూ గుర్తుచెయ్యరు. వల మొదలుపెడితే చేతులు ఆ పని చేసుకుపోతాయి.

పైగా అది ఎంగిలి. భస్మకర్ణుడి మంత్రాలన్నీ మడి మంత్రాలు. ముసలిదాని ఎంగిలి పడ్డ ముడికి అవి పట్టవు. పేదవాళ్ల నోటి తడి అంటే అంత భయం ఈ మహానుభావులకు.

"పడిపోయే ముందు పనైనా సేసుకోనీయే," అన్న మాట నల్లేరు చెవిలో మళ్లీ మోగింది. ఆ రోజు పెద్దమ్మ నోట్లో నములుతున్నదేమిటో ఆ కోపంలో తను చూడనేలేదు. ఏడవడానికి ఆ సందులో చోటు లేదు.

"ఆ ముడి ఎక్కడుందో ఎలా కనిపెడతాం?" అన్నాడు యువరాజు. "వల అంత పొడవుంది. తడిమి చూద్దామంటే కొయ్యబారిపోతాం."

సంచిలో కుందేలు తన్నింది. కమిలిన డొక్కలోనే.

నల్లేరు ఆ సందులో కష్టపడి అటువైపు తిరిగింది. ఈసారి తన్ను పొట్టకు తగిలింది. ఇటు తిరిగింది. వీపువైపు పెనుగులాట. తను ఎటు తిరిగినా అది పడమటి వైపుకే తన్నుతోంది. గాలి పడమటి నుంచే వీస్తోంది.

"నేనెంత మొద్దునో," అంది నల్లేరు మెల్లిగా. "తెల్లారకముందు నించీ ఇది నాకు దారి సూపిస్తంది. నేను దీన్ని కాపాడతన్నాననుకుని మూటగట్టి కూకున్నాను."

వదలాలి. అదొక్కటే దారి. ఈ జాతి మొత్తంలో మిగిలిన ఒకే ఒక్క ప్రాణాన్ని, రాతి కుక్కల నోటి ముందు, చేతులారా వదలాలి. నల్లేరు వేళ్లు సంచి మూతి మీద బిగుసుకుపోయాయి. వదలమని తనకు తానే చెప్పుకుంది. వేళ్లు వినలేదు.

గుంజల చప్పుడు బండల దగ్గరికి వచ్చేసింది.

"నేను బయటికి దూకి వాటిని అటు తిప్పుతాను," అన్నాడు యువరాజు.

నల్లేరు అతని మొహంలోకి చూసింది. "ఎందుకు?"

"మా నాన్న చావకపోతే నేను బతకను. ఇందులో గొప్పేమీ లేదు."

"నిజం సెప్పావు. పో."

అతను తలపాగా విప్పి, జరీ అంచు నేలమీద ఈడ్చుకుంటూ, కేక పెట్టి తూర్పుకు దూకాడు. కదిలేదాన్ని చూస్తే కుక్క కుక్కే, రాతిదైనా సరే. జాగిలాలు ఆ మెరుపు వెంట పడ్డాయి. నల్లేరు సంచి మూతి విప్పింది. రెండు నల్లని చెవికొసలు పైకి లేచాయి. ముక్కు ఒకసారి కదిలింది. తేనెరంగు మెరుపు ఒకటి ఆమె చేతుల్లోంచి జారిపోయింది.

నల్లేరు సంచిలో ఇంత గడ్డి కుక్కి మళ్లీ రొమ్ముకు కట్టుకుంది. చూసేవాళ్లు కుందేలు ఇంకా అందులోనే ఉందనుకోవాలి.

జాగిలాలు మోసం కనిపెట్టాయి. తలపాగాను వదిలి వెనక్కి మళ్లాయి. కుందేలు నిండుకడుపుతో పరిగెడుతోంది. ఉరుకులో బరువు తెలుస్తోంది. సూటిగా వలకేసి వెళ్లింది. ఇంకో ఉరుకులో వలను తాకుతుందనగా ఉన్నచోటే మలుపు తిరిగి, వచ్చిన అడుగుల మీదే వెనక్కి వచ్చి, ఒక్క గెంతు పక్కకు గెంతింది. కుందేటి జాతికి పుట్టుకతో వచ్చిన టక్కరితనం అది. రాతి ఒళ్లకు మలుపు తిరగడం చేతకాలేదు. వచ్చిన ఊపుకు జాగిలాలన్నీ ఒకదాని వెనక ఒకటి వలలోకి దూసుకుపోయాయి. తెరిచిన నోళ్లు తెరిచినట్టే, వరసగా కొయ్యబారిపోయాయి. భస్మకర్ణుడి మంత్రపు కుక్కల్ని అతని మంత్రమే కట్టేసింది.

ఆ కోరల వరస పక్కనే కుందేలు వల అడుగు వెంట ముక్కు ఆనించీ ఆనించనట్టు నడిచింది. ఒక గుంజ పక్కన ఆగింది. నాలుక చాపి ఒక ముడిని నాకింది. దానికేమీ కాలేదు. ఇంకా నాకింది. తల పెట్టి నెట్టింది. కన్ను విచ్చుకుంది. చెవులు వెనక్కి వాల్చి, నిండుకడుపును ఇటూ అటూ సర్దుకుంటూ జారిపోయింది. దాని వెనక ముడి మళ్లీ ముడుచుకుంది. అక్కడ ఒక తెల్లవెంట్రుక ఎండలో తళుక్కుమంది.

నల్లేరు ఆ వెంట్రుకకేసి చూస్తూ ఉండిపోయింది. ఆ కన్ను కుందేటికి సరిపోతుంది. మనిషికి చాలదు. పెద్దమ్మకు ఇంత పెద్ద కుందేలు లోపలుంటుందని తెలియదు కదా.

గుంజలు ముందుకు జరిగాయి. మైదానం వాకిలంతయింది, గదంతయింది, మంచమంతయింది. నల్లేరూ మకరందసేనుడూ భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు. చల్లని జనపనార మోకాళ్లకు తగిలింది. కాళ్లు పోయాయి. నడుము పోయింది. చేతులు పోయాయి. మెడ దాకా కొయ్య. కళ్లూ నోరూ మిగిలాయి.

*

వారిద్దరినీ వలతో సహా ఏనుగు మీద వేసుకుని పచ్చదిబ్బకు తెచ్చి, రాజు ఎదుట గుంజకు వేలాడదీశారు.

ఎర్రని పట్టుడేరా, బంగారు కలశాలు, నెమలి వింజామరలు. నడుమ ఏనుగుదంతపు గద్దె, దాని చుట్టూ నేలదాకా వేలాడే జరీ కుచ్చుల గుడ్డ. గద్దెమీద ప్రచండసేనుడు ఎండుచేపలా ముడుచుకుని కూర్చున్నాడు. భుజాల మీద నల్లని చెవికొసల కంబళి. మెడ దగ్గర ఒకే ఒక్క అతుకు ఖాళీగా ఉంది. ఒక పక్కన వలలల్లే ఆడవాళ్లను కూర్చోబెట్టారు. అందరికంటే ముందు పోలి. నల్లేరు కళ్లు ఆమె కళ్లను కలుసుకున్నాయి. పెద్దమ్మ కనుబొమ్మ ఒక్కటి లేచి దిగింది. అంతే.

డప్పు గద్దె ముందు పెట్టి ఉంది. డుబ్బు డుబ్బు. ఒకే గుండె.

భస్మకర్ణుడు వలలో చెయ్యిపెట్టి సంచి లాగి, మూతి విప్పి బోర్లించాడు. రాజు పాదాల మీద గడ్డి రాలింది.

"ఇదేనా?" అన్నాడు రాజు.

మాంత్రికుడి చెవులు బిగుసుకున్నాయి. "వలలోంచి బయటికి పోలేదు ప్రభూ. పోయే దారి లేదు. ఈ పిల్ల ముఖానే ఉంటుంది జవాబు."

"ముసలిదానా," అన్నాడు రాజు పోలితో. "వలలో లోపమేమైనా పెట్టావా?"

"మీ వోళ్లు కొలుసుకున్నారు కదయ్యా," అంది పోలి. "మేం సదువుకున్నోళ్లమా, సాత్రం తెలిసినోళ్లమా. ఆకలైతే తింటాం, పనిస్తే సేత్తాం."

నల్లేరుకు నవ్వు వచ్చింది. ఆ నవ్వు ఆపుకోవడానికి కళ్లు దించింది. అప్పుడు కనిపించింది.

జరీ కుచ్చుల కింద, గద్దె నీడలో, గడ్డిలో ఒంటి పొడవున ఉన్న ఒక పాత గుంటలో, కాటుక అద్దినట్టున్న చెవికొస ఒకటి.

పుట్టిన పడక. ఎంత తరిమినా గుండ్రంగా తిరిగి అక్కడికే వచ్చింది. రాజూ దండూ అంతా వల దగ్గర ఉన్నప్పుడు ఖాళీ డేరాలోకి నడిచి వచ్చి, తన చోట తాను పడుకుంది. దానిమీద ఎవడు గద్దె వేసుకుంటే దానికేం.

నల్లేరు కళ్లు ఠక్కున పైకెత్తింది. నోరు కాక ఒంట్లో కదిలేవి అవి రెండే. ఒక్కసారి అటు జారితే చాలు, జాతి అంతమైపోతుంది. భస్మకర్ణుడు ఆమె మొహానికి బెత్తెడు దూరంలో నిలబడి, ఆ కళ్లు ఎటు పోతాయా అని కాచుకుని ఉన్నాడు. ఆమె అతని చెవులకేసి చూడసాగింది. ఆ చెవుల మీది మడతలు చూసింది. మడతల్లోని మురికి చూసింది. కళ్లు మండుతున్నాయి. కిందికి లాగుతున్నాయి.

"కుమారా," అన్నాడు రాజు. ఆ గొంతు తేనె. "జరిగింది మరిచిపో. కుందేలెక్కడుందో చెప్పు. నిన్ను విడిపిస్తాను. రాజ్యంలో సగమిస్తాను."

మకరందసేనుడు నల్లేరు పక్కనే వేలాడుతున్నాడు. అతని కళ్లు ఇందాకే గద్దె కిందికి వెళ్లి వచ్చాయని నల్లేరుకు తెలుసు.

అతను తండ్రి మెడ దగ్గరి ఖాళీ అతుకుకేసి చూశాడు.

"చూడలేదు నాన్నా," అన్నాడు.

భస్మకర్ణుడు నిట్టూర్చి, మొలలోంచి వంకర కత్తి తీశాడు. "ప్రభూ, సెలవివ్వండి. ఈ పిల్ల కళ్లు ఎటు పోవో, అటే ఉంటుంది అది. ఇందాకటి నుంచి ఒక్కసారైనా కిందికి చూడలేదు."

అతను తల తిప్పాడు. నెమ్మదిగా, ఒక్కొక్క కుచ్చునే చూసుకుంటూ, గద్దె అడుగుకేసి వంగాడు.

డప్పు మోగింది. డుబ్బు డుబ్బు.

దాని పక్కనే, చిన్నగా, తొందరతొందరగా, ఇంకో గుండె.

మాంత్రికుడు వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. ఆడవాళ్ల వరసలో ఎవరో ఊపిరి లోపలికి లాక్కున్నారు. రాజు మెడ దగ్గర కంబళి కుట్టు ఒకటి పుటుక్కున తెగింది.

"భస్మకర్ణా," అన్నాడు ప్రచండసేనుడు. "ఒక్కటే అన్నావు."

డప్పులో మూడో గుండె మొదలైంది.